80 డిగ్రీల క్లియర్‌కోట్ గురించి హారికకు

చి. హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్ను కార్ల పెయింట్ ల్యాబులో వేశారనీ, మొదటి ప్రాజెక్టుగానే 140 డిగ్రీల వేడిలో గట్టిపడే క్లియర్‌కోటును (రంగు మీద వేసే పారదర్శక పూతను) 80కి దించమన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ కేటలిస్టు (రియాక్షన్ వేగం పెంచేది) ఎంత వెయ్యాలా అని టెన్షన్ పడుతున్నావట. అందరూ అక్కడే మొదలుపెడతారు. నిజానికి అసలు చిక్కు అక్కడ లేదు.

నువ్వు వదిలించుకోవాల్సిన 140 మెలమైన్‌ది. ఎక్రిలిక్ పాలియాల్‌తో (ఓహెచ్ గుంపులున్న రెజిన్‌తో) మెలమైన్ రెజిన్ ముడిపడటానికి యాసిడ్ కేటలిస్టు కావాలి, దాంతోపాటు ఓవెన్‌లో 20, 30 నిమిషాల మంచి వేడీ కావాలి. యాసిడ్ పెంచి వేడి తగ్గిద్దామంటే డబ్బాలోనే చిక్కబడుతుంది. పైగా ఫిల్ములో మిగిలిపోయిన యాసిడ్ రేపు వానకి అవే ముడులను విప్పుతుంది. అన్నీ ఒకే డబ్బాలో ఉండే సింగిల్ ప్యాక్ మీద మోజుతో, బ్లాక్ చేసిన (వేడి తగిలేదాకా మూత పెట్టినట్టుండే) ఐసోసయనేట్ల వైపు చూస్తావేమో. ఆ మూతల్లో ఎంఈకేఓ విడిపోవడానికి దాదాపు 140, డైమిథైల్ పైరజోల్‌కి 110, 120, మాలోనేట్‌కి 90, 100 డిగ్రీలు కావాలి. ప్లాస్టిక్ బంపరును కారు బాడీతో పాటే ఒకే ఓవెన్‌లో పంపాలన్నది మీవాళ్ల ఆశ అయితే ఇవేవీ సరిపోవు. టూ ప్యాక్ పాలీయురెథేన్‌కే రా. ఒక డబ్బాలో పాలియాల్, ఇంకో డబ్బాలో హార్డెనర్‌గా హెచ్‌డీఐ ట్రైమర్ (ఒక ఐసోసయనేట్), అంతే.

ఇక అసలు విషయం. పది డిగ్రీలు తగ్గితే రియాక్షన్ వేగం సగమవుతుందని మనకో మోటు లెక్క ఉంది కదా. ఆ లెక్కన 60 డిగ్రీలు తగ్గితే 64 రెట్లు నెమ్మది. ఈ లోటును కేటలిస్టు చాలావరకు పూడుస్తుంది. అది పూడ్చలేనిది ఇంకొకటుంది. ముడులు పడుతున్న కొద్దీ ఫిల్ము టీజీ (ఏ వేడికి దిగువన అది గాజులా బిగుస్తుందో ఆ వేడి) పెరుగుతుంది. అది ఓవెన్ వేడి దాకా వచ్చేసరికి గొలుసులు కదలలేవు. పాకం బిగిశాక గరిటె తిరగనట్టే, మిగిలిన ఎన్‌సీఓ (ఐసోసయనేట్ గుంపు) ఒక పక్క, ఓహెచ్ ఇంకో పక్క ఆగిపోతాయి. అప్పుడు కేటలిస్టు రెట్టింపు చేసినా ఒరిగేది పెద్దగా ఉండదు. 140లో ఈ బాధ కనపడదు, ఎందుకంటే మన ఫిల్ముల టీజీ అంత పైకి పోదు.

అందుకే ప్యానెల్ బయటికి రాగానే గోరు దిగలేదని సంబరపడకు. ఐపీడీఐ ట్రైమర్ (ఇంకో గట్టి రకం ఐసోసయనేట్) కలిపితే గోరు వెంటనే దిగదు, కానీ ఆ గట్టితనం చాలావరకు దాని సొంత టీజీది, రియాక్షన్ పూర్తయినందుకు వచ్చింది కాదు. ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో) 2270 దగ్గర ఎన్‌సీఓ పీక్ చూడు. ఓవెన్‌లోంచి తీయగానే ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి. మిగిలినది రోజుల తరబడి మెల్లగా తగ్గుతుంది, అందులో కొంత గాలిలోని తేమతోనే పోతుంది. ఎంఈకే సాల్వెంట్‌తో రుద్దుడు, 40 డిగ్రీల నీళ్లలో 240 గంటల పరీక్ష కూడా అయ్యాకే మీ బాస్‌కి ‘అయింది’ అని చెప్పు. హెచ్‌డీఐని ప్రధానంగా ఉంచు, ప్రైమరీ ఓహెచ్ (త్వరగా రియాక్ట్ అయ్యే రకం) ఎక్కువున్న పాలియాల్ తీసుకో, దాని టీజీ మరీ ఎక్కువ లేకుండా చూసుకో. నా ఓటు ఎప్పుడూ దీనికే.

కేటలిస్టు గురించి రెండు ముక్కలు చాలు. డీబీటీఎల్ అనే టిన్ కేటలిస్టు బాగా పనిచేస్తుంది, కానీ యూరప్‌లో టిన్‌కి రోజులు దగ్గరపడ్డాయి. బిస్మత్ మంచిదే, తేమ తగిలితే మాత్రం పాడవుతుంది. స్ప్రే గన్‌లో గట్టిపడకుండా కాస్త అసిటైల్ అసిటోన్ వేస్తే డబ్బాలో కేటలిస్టును పట్టి ఉంచి, ప్యానెల్ మీద తాను ఆవిరైపోయి వదిలేస్తుంది. నాకు చాలా ఇష్టమైన కిటుకు ఇది. ఇంకో సంగతి, తక్కువ వేడిలో ఫిల్ము అంతగా పలచబడదు. తొందరపెట్టావంటే ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) అలాగే గడ్డకడుతుంది.

లెక్క నువ్వే చెయ్యి, షీటులో ఉన్నదాన్ని నమ్మకు. పాలియాల్ సాలిడ్స్ మీద ఓహెచ్ విలువ 140 అనుకో. 56100ని 140తో భాగిస్తే సుమారు 400, అది పాలియాల్ ఈక్వివలెంట్ (ఒక్కో ఓహెచ్‌కి పడే బరువు). ట్రైమర్‌లో ఎన్‌సీఓ 21.8 శాతమైతే దాని ఈక్వివలెంట్ 193. అంటే 100 గ్రాముల సాలిడ్స్‌కి 48 గ్రాములు. ఇప్పుడు నీళ్ల లెక్క చూడు: ఒక్క గ్రాము నీరు దాదాపు 21 గ్రాముల ట్రైమర్‌ని మింగి గ్యాస్ వదులుతుంది. వానాకాలం పిన్‌హోల్స్ వచ్చాయంటే ముందు థిన్నర్‌నీ, హార్డెనర్ డబ్బానీ అనుమానించు. మన ఆటోనగర్‌లో కొందరు చవకని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ పెయింట్ల) థిన్నర్ కలిపేస్తుంటారు. అందులోని ఆల్కహాల్ కూడా హార్డెనర్‌నే తింటుంది.

80 అంటే ఓవెన్ గాలి 80 కాదు, రేకు 80. థర్మోకపుల్ ప్యానెల్‌కే అంటించు. స్ప్రే చేసేటప్పుడు గుడ్డ మాస్కుతో నిలబడొద్దు, బయటి గాలి అందే మాస్కే పెట్టుకో. ఐసోసయనేట్ ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా తన్నుకొస్తుంది. ఈ విషయంలో సీనియర్లు నవ్వినా పట్టించుకోకు.

మొదటి వారం గ్రాఫులు వాట్సాప్‌లో పెట్టు, చూస్తాను. ప్రతి గ్రాఫు కింద రేకు వేడి, ఆ రోజు గదిలో తేమ, హార్డెనర్ డబ్బా మూత తీసిన తేదీ రాయడం మర్చిపోకు.

మీ పెదనాన్న