చిక్కడపల్లి చుట్టుపక్కల శని, ఆదివారాలు: పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాద్‌లో, చిక్కడపల్లి పక్కనే బాగ్‌లింగంపల్లిలో ఇల్లు కుదిరిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సెలవు రోజు వస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తోచక మాల్‌కి పోతున్నామనీ, వెళ్లిన ప్రతిసారీ పర్సు ఖాళీ అవుతోందనీ నువ్వు ఫోన్లో అన్న మాట నా మనసులో ఉండిపోయింది. చిక్కడపల్లిలో కాపురమున్నన్నాళ్లూ మేం డబ్బు పెట్టి చూసినవాటికంటే పైసా ఖర్చు లేకుండా చూసినవే ఎక్కువ. అవన్నీ ఇప్పుడు మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి.

ముందుగా త్యాగరాయ గానసభ. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరే ఉంటుంది, ఎవర్నడిగినా చెబుతారు. 1966లో మొదలైన సభ అది. పెద్ద హాలుతో పాటు కళా సుబ్బారావు కళావేదిక లాంటి చిన్న వేదికలు కూడా ఉన్నాయి. అందుకే ఒకే సాయంత్రం ఒక హాల్లో కూచిపూడి, పక్కదాంట్లో పుస్తకావిష్కరణ, ఇంకో చోట పాత సినిమా పాటలు నడుస్తుంటాయి. చాలావాటికి టికెట్ ఉండదు. మనల్నెవరూ పిలవలేదు కదా అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు అలా చేయకు. వేదిక మీద ఆడే పిల్ల నెలల తరబడి సాధన చేసి వస్తుంది. ఎదురుగా ఖాళీ కుర్చీలు కనిపిస్తే దాని ప్రాణం ఉసూరుమంటుంది. మీ నలుగురూ వెళ్లి కూర్చుంటే అక్కడివాళ్లకు ఎంత ఆనందమో! దానికి మొహమాటమెందుకు?

టైం సంగతి మాత్రం తెలుసుకుని వెళ్లాలి. కార్డులో ఆరు గంటలకని ఉన్నా జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. పెద్దవాళ్లం మనం ఓపిగ్గా కూర్చుంటాం, చిన్నపిల్లలు కూర్చోలేరు. అందుకని సన్మానాలున్న సభకు ఓ గంట ఆలస్యంగా వెళ్లినా పర్వాలేదు. నాటకానికి మాత్రం టైంకి ముందే వెళ్లు. మొదటి రంగం తప్పిపోతే పిల్లలకి కథ అందదు. వెనక వరసలో, నడిచే దారి పక్క కుర్చీల్లో కూర్చోండి. చిన్నవాడు గొడవ చేస్తే మీలో ఒకరు నెమ్మదిగా బయటికి తీసుకెళ్లొచ్చు. గంటసేపు చూశాక లేచి వచ్చేసినా తప్పేమీ లేదు. బలవంతంగా కూర్చోబెడితే మళ్లీ రామంటారు.

పిల్లలకి గాత్ర కచేరీ కంటే ముందు డాన్స్ చూపించు. కూచిపూడిలో తరంగం వస్తుంది చూడు, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారే, అది చూస్తూ కదలకుండా కూర్చోని పిల్లల్ని నేనింతవరకు చూడలేదు. ఆ తర్వాత మృదంగం, ఘటం పోటాపోటీగా వాయించే తని ఆవర్తనం. సురభి వాళ్ల నాటకం ఎక్కడ వేస్తున్నా వదలొద్దు. 1885 నుంచి తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకాలు ఆడుతున్నాయి. మనుషులు గాల్లో ఎగురుతారు, మంటలు లేస్తాయి, అన్నీ కళ్ల ముందే. ఒక్కోసారి దానికి చిన్న టికెట్ ఉండొచ్చు, కానీ ఆ డబ్బు పెట్టడం న్యాయమే.

ప్రతి వారం కొత్త చోటు వెతుక్కుంటూ తిరగొద్దని నా సలహా. నెలకు రెండుసార్లు గానసభకే వెళ్లండి. మూణ్ణాలుగు నెలలయ్యేసరికి ముందు వరసలో కూర్చునే తాతగార్లు మీ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, రాగం పేరేంటని వీళ్లు అడిగితే విసుక్కోకుండా చెబుతారు. కొత్తగా వచ్చిన ఊళ్లో మీకు మనుషులు ఏర్పడేది అలాగే. సంగీతం కంటే కూడా నేను ముఖ్యమనుకునేది అదే.

మిగిలిన వారాల్లో పొద్దుటి పూట ట్యాంక్‌బండ్‌కి వెళ్లండి. ఎండెక్కకముందే వెళ్లాలి. అక్కడి విగ్రహాలను అందరూ కారులోంచి చూస్తూ వెళ్లిపోతారు. మీరు నడుస్తూ, పలక మీది పేర్లు మీ పెద్దదాని చేత చదివించండి. ఒక్కసారికి ముగ్గురో నలుగురో చాలు. సిద్ధేంద్ర యోగి దగ్గర ఆగి, మనం చూసిన కూచిపూడి ఈయన పెట్టిన భిక్షే అని చెప్పు. భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలైన రామదాసు ఉన్నాడు, ఆ కాలంలో గోల్కొండనేలిన తానీషా కూడా అదే గట్టు మీద ఉన్నాడు. ఈ కథ చెప్పాక గోల్కొండ చూస్తామని పిల్లలే అడుగుతారు. అక్కడ పెద్దవాళ్లకి టికెట్ ఉంది గానీ పదిహేనేళ్ల లోపు పిల్లలకి లేదు. మొల్ల, పోతన, వేమన, జాషువా అందరూ ఉన్నారు కాబట్టి, ఇంటికొచ్చాక వాళ్ల పద్యం ఒక్కటి పైకి చదవండి. పుస్తకం కావాలంటే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉండనే ఉంది.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు అల్లుడికి నచ్చుతాయనుకుంటాను. చాలా షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగితే అక్కణ్నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఏమీ కొనకుండా తిరగేసినా ఎవరూ ఏమనరు. పిల్లలకి ఒక్కొక్కటి కొనిస్తే చాలు, వాళ్లే ఏరుకోవాలి. రవీంద్రభారతిలో, నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియంలో కూడా ఉచిత కార్యక్రమాలుంటాయి. కొన్నిటికి పాసులుంటాయి కనుక బయల్దేరేముందు కనుక్కో. మీ పక్కనే సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభలు జరుగుతాయి, అవి ఎక్కువగా మీ ఇద్దరికీ పనికొచ్చేవి. శిల్పారామం మంచిదే, అయితే దూరం, పైగా టికెట్టు.

పండగల్ని కూడా ఈ లెక్కలో వేసుకో. ఆషాఢంలో ఆదివారాలన్నీ బోనాలే. మొదట గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన లాల్‌దర్వాజ. చంటిపిల్లలతో ఆ పెద్ద గుళ్ల రద్దీలోకి వెళ్లకండి. మీ బస్తీ పోచమ్మ గుడి దగ్గరే బోనమెత్తిన ఆడవాళ్లూ, డప్పులూ, పోతరాజూ అన్నీ దగ్గరగా కనిపిస్తాయి. ధనుర్మాసంలో గుళ్లల్లో తిరుప్పావై ప్రవచనాలు చెబుతారు, ప్రసాదం దొన్నెలో పెట్టిస్తారు. మా పిల్లలు మొదట ఆ దొన్నె కోసమే వచ్చేవాళ్లు.

ఏ రోజు ఎక్కడ ఏముందో పేపర్లో హైదరాబాద్ పేజీల్లో వేస్తారు. గానసభ గేటు దగ్గర ఫ్లెక్సీలు కూడా చూస్తుండు. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ కార్డు నీ సంచిలో పెట్టుకో. అడ్రస్ ఇంకా మార్పించుకోకపోతే ముందు ఆ పని చూడు. మంచినీళ్ల సీసా, చిన్నవాడికి ఏదైనా తినడానికి తీసుకెళ్లు, అయితే హాల్లో చప్పుడు చేసే చిప్స్ ప్యాకెట్లు వద్దు. రాత్రి ఎనిమిదిన్నర కల్లా ఇంటికి చేరేలా చూసుకుంటే మర్నాడు పిల్లలు చిరాకు పడరు.

ఈ శనివారమే మొదలుపెట్టండి. అల్లుడికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

మీ పెద్దమ్మ