చీకటియే నాకు బంధువర్గమాయెను

బైబిలు ఏ కాలంలోనో, ఏ దేశంలోనో పుట్టిన పుస్తకం కదా, ఈనాటి మనిషికి అది చెప్పగలిగింది ఇంకా ఏమైనా మిగిలి ఉందా, ఉంటే సిద్ధాంతం కాకుండా మీ అనుభవం చెప్పండి అని అడిగారు. నేను మూడు తరాలుగా చర్చికి వెళ్తున్న కుటుంబంలో పుట్టాను కాబట్టి నా అనుభవాల్లో చాలావాటిని అలవాటు నుంచి విడదీయలేను. అలవాటుతో సంబంధం లేని ఒక్క సాయంత్రం గురించి మాత్రం చెప్పగలను.

2021 మే నెలలో మా నాన్నగారు కరోనాతో పోయారు. మా ఇళ్లలో ఎవరైనా పోతే ఊళ్ల నుంచి బంధువులు దిగుతారు, రాత్రంతా పెట్టె చుట్టూ కూర్చుని కీర్తనలు పాడతారు, భూస్థాపన తర్వాత ఒక రోజు చూసుకుని ఆదరణ కూడిక పెడతారు. నాన్నగారికి అవేవీ జరగలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా సమాధుల తోటకు తెచ్చారు. అక్కడ ఉన్నది నేను, తమ్ముడు, గొయ్యి తవ్విన ఇద్దరు మనుషులు. పాస్టరుగారు ఫోనులో ప్రార్థన చేస్తుండగా సిగ్నల్ పోయి, ఆ ప్రార్థన సగంలోనే ఆగింది. అమ్మ అప్పటికి అదే జబ్బుతో ఇంట్లో వేరే గదిలో ఉంది. ఆయనను చివరిసారి చూడలేదు.

తర్వాత రెండు నెలలు అమ్మ ఏడవలేదు, ప్రార్థన చేయలేదు. సండే స్కూలులో ఎన్నో ఏళ్లు పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకున్న వాక్యం కార్డును, అంటే వాగ్దాన కార్డును, బీరువా అద్దం మీద నుంచి తీసి ఎక్కడో పెట్టేసింది. ఫోనులో రోజూ ఎవరో ఒకరు, బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి యెహోవా నా కాపరి అనే 23వ కీర్తనో, దేవుని ప్రేమించువారికి మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి అన్న రోమా పత్రిక (అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం) 8వ అధ్యాయంలోని మాటో పంపేవారు. ప్రేమతోనే పంపారు, వాళ్లను తప్పుపట్టను. అమ్మ చదివి ఫోను బోర్లించేది.

జూలైలో ఒకరోజు, మా సంఘంలో ఒకప్పుడు బైబిలు స్త్రీగా, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే మనిషిగా పనిచేసిన పెద్దావిడ వచ్చి, మాస్కు తీయకుండా గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "అమ్మాయ్, నేను ఓదార్చడానికి రాలేదు, ఒక్క కీర్తన చదివి వెళ్లిపోతాను" అన్నారు. ఆమె చదివింది 88వ కీర్తన. పద్దెనిమిది వచనాలు. రాత్రింబగళ్లు మొరపెట్టినా జవాబు లేదని, నీవే నన్ను గోతిలో పడవేశావని, నా వాళ్లను నా నుంచి దూరం చేశావని, చచ్చినవాళ్లు లేచి నిన్ను స్తుతిస్తారా అని దేవుణ్ణి సూటిగా నిలదీసే పాట అది. ఇలాంటి మొరల్లో చాలావాటికి చివర ఒక మలుపు ఉంటుంది. 13వ కీర్తన ఎన్నాళ్లు అంటూ మొదలై పాటతో ముగుస్తుంది, 22వది స్తుతిలోకి తిరుగుతుంది. 88వ కీర్తనలో ఆ మలుపు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో అది ఆగిపోతుంది. ఆవిడ కూడా అక్కడే ఆపి పుస్తకం మూసేశారు. ఓదార్పుగా ఇంకో వాక్యం కలపలేదు.

కాసేపటికి అమ్మ, "అక్కా, ఆ చివరి మాట మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివారు. "ఇది బైబిల్లోనే ఉందా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా ఏడ్వడం మొదలుపెట్టింది. ఆ రాత్రి తన బైబిలు తెచ్చుకుని, ఆ వచనం పక్కన పెన్సిలుతో తారీఖు వేసుకుంది.

అప్పటి నుంచి నేను ఈ విషయం గురించి చాలా ఆలోచించాను. లేఖనానికి శక్తి ఉందని నిరూపించడానికి తవ్వకాల్లో దొరికిన శాసనాలనూ, నెరవేరిన ప్రవచనాల లెక్కలనూ చూపించే ప్రసంగాలు చిన్నప్పటి నుంచి విన్నాను. వాటికి ఉండే విలువ వాటికి ఉంటుంది కానీ, ఆ సాయంత్రం మా గుమ్మంలో పనిచేసింది వేరు. యేసు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు ఎవరో ఒకరు దేవుడి మీద అంత కఠినంగా మాట్లాడితే, కీర్తనలను కూర్చినవారు దాన్ని కొట్టివేయలేదు, చివర ఒక ఊరట మాట అతికించలేదు, పైగా ప్రధాన గాయకునికి అని శీర్షిక పెట్టి ఆరాధనలో పాడుకునే పాటల మధ్య నిలిపారు. దేవుడు వినడం లేదన్న ఫిర్యాదును కూడా దేవుడికే వినిపించవచ్చని, అలా వినిపించినవాడు విశ్వాసుల వరుసలోంచి బయటికి పోనక్కరలేదని దాని అర్థం. అమ్మను రెండు నెలలు నోరు మూయించింది దుఃఖం ఒక్కటే కాదు, తన మనసులో ఉన్నది దేవుడి ముందు అనకూడనిది అన్న భయం కూడా. ఆ భయాన్ని తీసివేసింది మా ఓదార్పు కాదు, ఆ పాత పాట.

సిలువ మీద యేసు చేసింది కూడా ఇదే అని నాకు అప్పుడు తట్టింది. ప్రాణం పోతున్న వేళ ఆయన కొత్త మాట వెతుక్కోలేదు, 22వ కీర్తనలోని మొదటి మాటను ఎత్తుకుని, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యివిడిచితివి" అని కేక వేశాడు. చెయ్యి విడవడం అన్న మన నుడికారం ఆ కేకలో ఎంత సహజంగా ఒదిగిందో చూడండి. బంధువర్గము అన్న మాట కూడా అలాంటిదే. హీబ్రూ మూలంలో ఉన్నది పరిచయస్థులు, దగ్గరివాళ్లు అన్న అర్థం వచ్చే పదం. తెలుగు అనువాదం దాన్ని బంధువర్గం చేసింది. పెళ్లికైనా చావుకైనా పందిరి నిండా కూర్చునేవాళ్లు అని మనకు వేరే చెప్పనక్కరలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజ్, ఆనందరాయరు అనే ఆయన సాయంతో మొదలుపెట్టిన తెలుగు బైబిలు అనువాదం పనిలోంచి 1812లో మూడు సువార్తలు బెంగాల్లోని సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ పని అక్కడితో ఆగకుండా తరాల తరబడి సాగి కీర్తనలను కూడా మన భాషలోకి తెచ్చింది కాబట్టే, బంధువులు ఎవరూ రాలేకపోయిన ఆ ఏడాది, మా అమ్మ చెవిన ఆ మాట తన మాటగా పడింది.

పుస్తకంలోని ప్రతి పుట అందరికీ అన్ని వేళలా ఇలా మాట్లాడుతుందని నేను అనను. సంఖ్యాకాండంలోని జనాభా లెక్కలను నేను వేగంగానే దాటుకుపోతాను. సరైన వాక్యమైనా రావలసిన వేళకు ముందే వస్తే మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది. అందరూ అమ్మకు పంపిన ఆ రోమా పత్రిక వచనానికి కొద్దిగా పైన, ఎలా ప్రార్థించాలో తెలియని మన కోసం ఆత్మ ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో విజ్ఞాపనము చేస్తున్నాడని పౌలు రాశాడు. 26వ వచనంలో మూలుగు వినిపించాకే 28వ వచనంలో ఆ మేలు మాట వస్తుంది. మూలుగును వదిలేసి మేలును మాత్రమే పంపుకోవడం మనం చేస్తున్న పొరపాటు. ఏడాది గడిచాక అమ్మే ఆ వచనం దగ్గరికి తిరిగి వెళ్లింది, ఎవరూ పంపకుండానే.

కిందటేడు మా వీధిలో ఒకావిడ కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. వాళ్లు క్రైస్తవులు కారు. అమ్మ పది రోజులు వరుసగా క్యారియరులో అన్నం పట్టుకెళ్లి, ఆవిడ పక్కన ఊరికే కూర్చుని వచ్చేది. బైబిలు తీసుకెళ్లలేదు. పదో రోజున ఆవిడే, "వదినగారూ, అన్నయ్యగారు పోయినప్పుడు మీరెలా తట్టుకున్నారు?" అని అడిగితే, తట్టుకోలేదని చెప్పి, ఆ సాయంత్రం సంగతి, ఆ మాట చెప్పిందట. ఆవిడ దాన్ని రాసివ్వమన్నారు. అమ్మ గోడ మీది క్యాలెండరు నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, దాని వెనక పెద్ద అక్షరాలతో ఆ ఒక్క వాక్యం రాసి ఇచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి కొడుకు ఫోటో వెనక పెట్టుకున్నారు.