తొర్ర పడ్డంత మాత్రాన వేపకి ముసలితనం రాదు

“గుంటూరు బ్రాడీపేటలో మా సందు చివరి వేపకి 80 ఏళ్లు. మానుకి తొర్ర పడింది. ముసలిదైపోయింది, కొట్టేద్దాం అంటున్నారు. మరి మర్రి వందల ఏళ్లు ఎలా బతుకుతుంది?” అని ఒకరు అడిగారు.

మర్రికైనా వేపకైనా కారణం ఒకటే. మాను నడిమి చేవ చెట్టు బతికుండగానే ప్రాణం లేని కలప, అది మోసే స్తంభం మాత్రమే. మానుని పెంచే ప్రాణం బెరడు కింద పల్చటి పొరలో ఉంటుంది, దాన్ని కేంబియం అంటారు. అది ఏటా లోపలికి కొత్త చెక్క, బయటికి కొత్త బెరడు పోస్తుంది. అంటే 80 ఏళ్ల వేపలో నీళ్లు మోసే చెక్క నిన్నమొన్నటిదే. చైనాలో గింకో అనే చెట్ల మీద 2020లో వచ్చిన పరిశోధనలో 600 ఏళ్లు దాటిన మానుల్లో కూడా ఈ పొర పనిచేస్తూనే ఉంది, రోగాన్ని తట్టుకునే జన్యువులూ మందగించలేదు.

కాబట్టి మీ వేపని చంపేది వయసు కాదు, మనుషులే. మాను మొదట్లో, నేల దగ్గర చూడండి. సిమెంటు మాను చుట్టూ ఒరుసుకుపోయి, బెరడు దాని మీదికి పెదవిలా ఉబ్బి ఉంటుంది. కింద వేరుకి గాలి ఆడదు, వాన నీరు దిగదు. గడ్డపారతో మీటరు వెడల్పున ఆ సిమెంటు తీయించండి, పలుగు పోటు వేరుకి తగలకుండా. మాను మొదలు కనపడాలి, మట్టి దాని మీదికి ఎగదోయకూడదు.

తొర్రలో సిమెంటు మాత్రం పోయించకండి. మన దగ్గర అందరూ చేసే పని ఇదే, చూస్తే కడుపు రగులుతుంది. గాలికి మాను ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండిటి మధ్య చీలికలో తడి నిలిచి కుళ్లు ఇంకా పెరుగుతుంది. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టి చూడండి, గట్టి చెక్క ఎంత మందం మిగిలిందో సుమారు అంచనా దొరుకుతుంది. 90 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మానుకి చుట్టూ గట్టి చెక్క 15 సెంటీమీటర్ల దాకా ఉంటే సాధారణంగా నిలుస్తుంది. తొర్ర నోరు పెద్దదైతే, ఒక పక్కకి ఒరిగితే, తెలిసినవాళ్లకి చూపించాలి.

బరువు తగ్గించడానికి కొమ్మ కోస్తే మానుకి అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత కాస్త అవతల పై నుంచి కోయాలి. లేకపోతే కొమ్మ విరుగుతూ బెరడు చీల్చుకుపోతుంది. మిగిలిన మోడుని మాను దగ్గర ఉంగరంలా ఉబ్బిన చోటికి బయటగా తీయాలి. ఆ ఉబ్బే గాయాన్ని మూసేది, దాన్ని కోస్తే కుళ్లు లోపలికి దారి పడుతుంది. తారు, పెయింటు పూయొద్దు. మే నెలలో కొమ్మ కోయొద్దు, ఎండకి బెరడు మాడుతుంది.