పత్తి తీసేదాకా ఆ 40 వేలు ముట్టుకోకండి

ప్రశ్న: మాకు ఐదెకరాల సొంత భూమి ఉంది, అంతా పత్తి వేశాం. బ్యాంకులో తీసుకున్న 2 లక్షల పంట రుణం పాత బాకీలు, దుక్కి, విత్తనాలు, మొదటి దఫా ఎరువులకే అయిపోయింది. చేతిలో 40 వేలు ఉన్నాయి. వాటిని కౌలుకు కట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి రెండెకరాల్లో మిరప వేద్దామనుకుంటున్నాను. వేయవచ్చా?

జవాబు: వద్దండీ. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది చేసే పొరపాటే ఇది. విత్తనం భూమిలో పడేదాకానే ఖర్చు లెక్క వేసుకుంటారు, ఆ తర్వాతి నాలుగు నెలలను లెక్కలోకి తీసుకోరు.

మీ పత్తికి 30, 60, 90 రోజులప్పుడు పైపాటు ఎరువులు వేయాలి. మధ్యలో కలుపు, పురుగుమందులు. వానలు మొహం చాటేస్తే మొలవని చోట మళ్లీ గింజ పెట్టాలి. అన్నిటికన్నా పెద్దది తీత కూలి. కూలీలకు కిలో లెక్కన అప్పటికప్పుడు ఇవ్వాలి, మీ పత్తి డబ్బు మాత్రం ఆ తర్వాతే వస్తుంది. అప్పుడు చేతిలో పైసా లేకపోతే ఎరువుల కొట్టాయన దగ్గరికే వెళ్తారు. ఆయన అప్పిచ్చి పంట తనకే అమ్మమంటాడు. తేమ 12 శాతం దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కేంద్రంలో తీసుకోరు. నాలుగు రోజులు ఆరబెట్టుకునే ఓపిక కూడా చేతిలో డబ్బున్న రైతుకే ఉంటుంది. అప్పులో ఉన్నవాళ్లు పచ్చి పత్తినే వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. అందుకే ఆ 40 వేలు సేవింగ్స్ ఖాతాలోనే ఉండాలి. చీటీలో వేయకండి, చేబదులు ఇవ్వకండి. నిజానికి అవి కూడా తక్కువే. ఇంటి ఖర్చు మూడు నెలలకు విడిగా చూసుకోండి.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం! మీ పంట రుణం సకాలంలో కడితే పడేది 4 శాతం. లక్షన్నరకు నెలకు 3 వేలు, మిరప చేతికొచ్చే ఎనిమిది నెలలకు 24 వేలు. పైగా మిరపకు ఎకరాకే లక్ష దాటుతుంది పెట్టుబడి. అంటే మీ లక్షన్నర పంట మధ్యలోనే అయిపోయి ఇంకో అప్పు చేయాల్సి వస్తుంది. ఇలాంటి అప్పుతో కౌలు సేద్యం మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

పంట బీమా ప్రీమియం కట్టారో లేదో ఈ వారమే బ్యాంకులో కనుక్కోండి, గడువు దాటితే చేర్చుకోరు. కానీ పరిహారం వచ్చేసరికి నెలలు పడుతుంది, దాన్ని నమ్ముకుని చేతిలో డబ్బు ఖర్చు పెట్టేయకండి. మరీ తప్పనిసరైతే బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టండి, అదీ తీత కూలికి మాత్రమే.

మిరప మీద అంత మనసుంటే వచ్చే ఏడాది అర ఎకరంతో మొదలుపెట్టండి, అదీ సొంత పొలంలో. పత్తి అమ్మిన డబ్బులో ముందు పంట రుణం కట్టేసి, ఈ 40 వేలను 80 వేలు చేశాకే.