పీపీని తప్పించి మా వకీలుతో హత్య కేసు నడిపించవచ్చా?

ప్రశ్న: 2024 ఆగస్టులో పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యను నరికి చంపారు. సెషన్స్ కోర్టులో ప్రత్యక్ష సాక్షి ముఖ్య విచారణలో (ప్రభుత్వ వకీలు మొదట ప్రశ్నించినప్పుడు) చూసిందంతా చెప్పాడు. రెండు నెలల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ముద్దాయిల వకీలు ప్రశ్నించినప్పుడు) అసలు అక్కడ లేనన్నాడు. ప్రభుత్వ వకీలైన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) మౌనంగా కూర్చున్నారట. ఆ రోజు మేము కోర్టుకు వెళ్లలేదు. వదిన కుమిలిపోతోంది. పీపీని తప్పించి మా వకీలుతో కేసు నడిపించవచ్చా? సాక్షికి కొంత ముట్టజెప్పి అఫిడవిట్ రాయిస్తే పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ కేసును తేల్చేది పీపీ కుమ్మక్కయ్యారా లేదా అన్నది కాదు. సాక్షి మాట మార్చాక పీపీ భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 157 కింద కోర్టు అనుమతి తీసుకుని అతడిని నిలదీశారా లేదా అన్నదే ప్రశ్న. అందుకు రుజువు కోర్టులో నమోదైన వాంగ్మూలంలో ఉంటుంది; ‘కూర్చున్నారట’ అన్న మాటలో ఉండదు. హత్య కేసులో ప్రధాన సాక్షి క్రాస్ రోజున కుటుంబం నుంచి ఒక్కరూ హాజరు కాకపోవడం, ఇప్పటికీ వాంగ్మూలం నకలు తీసుకోకపోవడం మీ వైపు జరిగిన పెద్ద నిర్లక్ష్యం. రేపే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయించండి.

పోలీసులకు చెప్పిన మాట దానంతటదే సాక్ష్యం కాదు; సాక్షికి దానిని చూపించి ప్రశ్నించి, అతడు కాదంటే దర్యాప్తు అధికారి చేత రుజువు చేయిస్తేనే, మాట మార్చాడన్న సంగతి రికార్డుకు ఎక్కుతుంది. అయితే ముఖ్య విచారణలో ప్రమాణం చేసి చెప్పినది సాక్ష్యమే, క్రాస్‌లో అడ్డం తిరిగినంత మాత్రాన అది తుడిచిపెట్టుకుపోదు. వినోద్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ పంజాబ్ కేసులో క్రాస్‌ను నెలల తరబడి వాయిదా వేయడాన్ని సుప్రీంకోర్టు 2015లో తీవ్రంగా తప్పుపట్టింది, అడ్డం తిరిగిన సాక్షి మాటలో నమ్మదగిన భాగాన్ని స్వీకరించి శిక్షను నిలబెట్టింది కూడా.

అఫిడవిట్ ఆలోచనను ఈ క్షణమే వదిలేయండి. డబ్బు తీసుకున్నాడని తెలిసిన మరుక్షణం అతడి ముఖ్య విచారణ వాంగ్మూలం మీద కూడా నమ్మకం పోతుంది, మీపై వేరే కేసు పడే ప్రమాదమూ ఉంది. అతడిని ముద్దాయిలు బెదిరించారని మీకు తెలిస్తే, 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న అధికార సంఘానికి అతడి చేత దరఖాస్తు చేయించడమే సరైన దారి.

సెషన్స్ విచారణ నడపవలసింది పీపీ మాత్రమే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధాన చట్టం) ప్రకారం మీ వకీలు కోర్టు అనుమతితో ఆయనకు సహాయపడవచ్చు, సాక్ష్యం ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. సాక్షిని స్వయంగా ప్రశ్నించలేరని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అడగవలసిన ప్రశ్నలను పీపీకి రాసివ్వాలి. ఆయన పట్టించుకోకపోతే జడ్జి గారి దృష్టికి తేవచ్చని అదే తీర్పు చెబుతోంది.

కాబట్టి సాక్షిని తిరిగి పిలిపించాలని ఇదే సంహిత సెక్షన్ 348 కింద పిటిషన్ వేయమని పీపీని లిఖితపూర్వకంగా కోరండి. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే కేసులను పర్యవేక్షించవలసిన బాధ్యత సెక్షన్ 20 ప్రకారం డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌ది గనుక దాని ప్రతిని వారికీ పంపండి. ఈ పత్రాలన్నీ మీ వదిన గారి పేరిటే ఉండాలి. వారసురాలిగా ఆమెకున్న హక్కును ఎవరూ ప్రశ్నించలేరు, తమ్ముడిగా మీ అర్హతపై అభ్యంతరం రావచ్చు. తీర్పు వెలువడ్డాక సాక్షిని పిలిపించే అధికారం ఈ కోర్టుకు ఉండదు. ఒకవేళ కేసు కొట్టేస్తే సెక్షన్ 413 కింద ఆమె ప్రత్యేక అనుమతి లేకుండానే అప్పీలు చేసుకోవచ్చు, దానికి కూడా తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి.