లంబసింగి కొండల్లో భూమి కొని గ్లాంపింగ్ టెంట్లు వేయొచ్చా?

లంబసింగి వైపు కొండమీద రెండెకరాలు కొని ఖరీదైన గ్లాంపింగ్ టెంట్లు, అంటే హోటల్ గదిలాంటి సౌకర్యాలుండే గుడారాలు, వేయొచ్చా అని అడిగారు. మీరు గిరిజనులు కాకపోతే కుదరదు.

లంబసింగి ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం). అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, 1970లో వచ్చిన సవరణతో కలిపి అమల్లో ఉన్నాయి. అందరూ 1/70 చట్టం అనేది దీన్నే. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. కొనకుండా లీజుకు తీసుకుందామన్నా అంతే, ఎందుకంటే చట్టం దృష్టిలో లీజు, తాకట్టు, దానం అన్నీ బదలాయింపులే. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించి "టెన్షన్ పడకండి సార్" అనే బ్రోకర్లను దయచేసి నమ్మకండి. డబ్బు పోతుంది, ఇంకొకరి భూమికి చిక్కు వస్తుంది.

ఈ చట్టం ఉండబట్టే ఆ వాలుల్లో కాఫీ మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు ఇంకా గిరిజన కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. అది అలాగే ఉండాలని నా కోరిక.

టెంట్లు వేయాల్సింది ఆ కుటుంబాలే. మీకు అనుభవం ఉంటే వాళ్లకు పని నేర్పండి. డిసెంబరు తెల్లవారుజామున ఒంటిపొర గుడ్డ లోపలివైపు చెమ్మపట్టి దుప్పటి మీద బొట్లుబొట్లుగా పడుతుంది. రెండు పొరల కప్పు, నేలకు ఎత్తుగా చెక్క అరుగు తప్పనిసరి. మరుగుదొడ్ల గుంతలు ఊటలకు ఎగువన మాత్రం తవ్వొద్దు, కింది ఊరు తాగేది ఆ నీళ్లే.