తీవ్ర తుఫానా? గాలివానా?

సందేహం: వాతావరణ పరిశోధన మీద మా కాలేజీ పత్రికకు వ్యాసం రాశాను. 'రెండు అల్లకల్లోల పథకాలను పోల్చి తీవ్ర తుఫానులను అనుకరించారు' అన్న వాక్యం అర్థం కాలేదని మా మేడమ్ అన్నారు. తప్పెక్కడుందో చెప్పగలరా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: వ్యాకరణంలో లోపమేమీ లేదమ్మా. చిక్కంతా మాటల ఎంపికలో ఉంది.

ముందుగా దిద్దవలసింది 'తీవ్ర తుఫాను'. తెలుగువాళ్లకు తుఫాను అంటే సముద్రం మీద పుట్టి, వాయుగుండంగా ముదిరి, తీరం వైపు వచ్చేది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ దాన్ని తుఫాను అంటుంది. అది సుమారు 89 నుంచి 117 కిలోమీటర్ల మధ్య ఉంటే 'తీవ్ర తుఫాను'. అంటే ఇది ఇప్పటికే ఒక తరగతికి స్థిరపడిన పేరు, మనం వేరే అర్థంలో వాడకూడదు. మీ వ్యాసంలోది అది కాదు కదా! ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రానికి నల్లమబ్బు కమ్ముతుంది. ముందు దుమ్ము లేస్తుంది, వెనకే ఉరుములు, పిడుగులు, ఒక్కోసారి వడగండ్లు. కడప, అనంతపురం జిల్లాల్లో గెలలతో ఉన్న అరటిచెట్లను నడిమికి విరిచేసేది ఇదే. దీనికి మన ఊళ్లలో గాలివాన అన్న చక్కని మాట ఉండగా తుఫాను ఎందుకు? ఉధృతి తెలియాలంటే 'పెను గాలివాన' అనండి.

ఇక 'అల్లకల్లోల పథకం', అంటే ఇంగ్లీషులో టర్బులెన్స్ స్కీమ్. పథకం అనగానే మనకు తోచేది ఉపాధి హామీ, మధ్యాహ్న భోజనం. ఇక్కడ విషయం వేరు. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనా, ఆకాశాన్ని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది. గడి వెడల్పు 3 కిలోమీటర్లయితే, అంతకన్నా చిన్న గాలి సుళ్లు దానికి నేరుగా అందవు. అయినా నేల వేడిని, తేమను పైకి మోసేది ఆ సుళ్లే. అందుకని వాటి ప్రభావాన్ని సూత్రాలతో అంచనా కడతారు. కాబట్టి అది పథకం కాదు, లెక్కగట్టే పద్ధతి. అల్లకల్లోలమూ కుదరదు. గొడవేమీ కనిపించని నిర్మలమైన ఎండరోజున కూడా ఈ సుళ్లు ఉంటాయి. పాఠ్యపుస్తకానికైతే 'సంక్షుబ్ధత' సరిపోతుంది. 'సంక్షోభం' మాత్రం వద్దు, అది ఇప్పుడు ఆర్థిక, రాజకీయ వార్తల సొత్తయింది.

'అనుకరణ' శాస్త్ర వ్యాసాల్లో నిలిచిన మాటే. కానీ 'అనుకరించారు' అంటే మిమిక్రీ గుర్తొస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను: 'గాలి సుళ్లను లెక్కగట్టే రెండు పద్ధతులతో పెను గాలివానలను కంప్యూటర్ నమూనాలో విడివిడిగా పుట్టించి, ఏది వాస్తవానికి దగ్గరగా ఉందో పోల్చి చూశారు.'

మీరు పోల్చిన ఆ రెండు పద్ధతుల పేర్లను తెలుగు చేయకండి. వైఎస్‌యూ, ఎంవైజే అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వివరణ ఇవ్వండి. వైఎస్‌యూ అంటే దక్షిణ కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయం. ఆ పద్ధతి నేల దగ్గరి వేడిగాలి ఒక్క ఊపున పైదాకా కలిసిపోతుందని లెక్క వేస్తుంది. ఎంవైజే అంటే మెల్లర్, యమాడా, యాంజిచ్ అనే శాస్త్రవేత్తల పేర్ల పొడి అక్షరాలు. అది గాలిని పక్కపక్క పొరల మధ్యే కలుపుతుంది. అందుకే పగటిపూట ఎంవైజేలో నేల దగ్గర గాలి సాధారణంగా కాస్త చల్లగా, తేమగా మిగులుతుంది. గాలివానకు మేత ఆ తేమే గనక, పాఠకులకు ఈ తేడా తప్పక చెప్పాలి.